వినపడని చోట సున్నా

కళాశాల కార్యాలయం, టైపు గది
జులై 8, మంగళవారం

అక్కా,

ఈ రోజు మొదటి ఆశ్చర్యం టైపు మిషను మూత కింద దొరికింది. పొద్దున్న మూత తీసేసరికి రోలరులో ఒక ఆకుపచ్చ కార్డు బిగించి ఉంది. ఏదో అర్జెంటు కాగితం కొట్టమని పెద్దగుమస్తా గారు పెట్టి వెళ్ళారనుకుని విసుక్కుంటూ బయటికి లాగాను. చూస్తే దాని మీద నా పేరుంది. పేరు కింద "శ్రోత" అని ఉంది.

మూడు నెలల కిందట పెట్టుకున్న అర్జీ అది. ఆఫీసులో పనిచేసేవాళ్ళు ఏడాదికి ఒక్క తరగతిలో కూర్చుని పాఠం వినవచ్చు. హాజరు పిలవరు, మార్కులు వెయ్యరు, చివర సర్టిఫికెట్టు ఇవ్వరు. కార్డు వెనక నాలుగు నిబంధనలున్నాయి. చివరి బెంచీలోనే కూర్చోవాలి. అడిగితే తప్ప మాట్లాడకూడదు. పరీక్షకి రాకూడదు. తరగతికి సంబంధించిన రాత ఏదీ ఎవరికీ ఇవ్వకూడదు. ఈ నాలుగోది చదివితే నవ్వొచ్చింది. ఇవ్వడానికి నా దగ్గరేముంది?

"మరి నీకు ఒరిగేదేమిటమ్మా?" అన్నారు పెద్దగుమస్తా గారు. వినడమేనండీ అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూశారు.

నాకు సాహిత్యం తరగతి కావాలని నీకు తెలుసు. కానీ నాకు పని లేని ఆ ఒక్క గంటలో ఉన్నది ఇంజనీరింగు రెండో ఏడు వాళ్ళ మట్టి పాఠమే. పోనీలే, మట్టి గురించైనా మాటలతోనే కదా చెప్పాలి అనుకుని వెళ్ళాను. అక్కా, మట్టికి ఎన్ని పేర్లున్నాయో తెలుసా? ఒండ్రు, బంక, గరప, సుద్ద, చవుడు. చెమ్మ, తేమ, తడి, ఊట అన్నీ ఒకటేననుకుంటూ ఇన్నాళ్ళూ బతికేశాను. కాదట. ఊట అంటే కింది నుంచి పైకి వచ్చేది. ఒండ్రు అంటే నీళ్ళు మోసుకొచ్చి దించి వెళ్ళినది. ఆ మాట విన్నాక నాకిక మిగతా పాఠం సగమే చెవికెక్కింది. నోట్లో ఒండ్రు, ఒండ్రు అనుకుంటూనే కూర్చున్నాను.

పాఠం చెప్పే ఆయన్ని అందరూ మట్టిమాస్టారంటారు. నా ముందు బెంచీలో ముప్పై దాటిన మనిషి ఒకాయన ఉన్నాడు. ఆరేళ్ళు తాపీపని చేసి చదువులోకి వచ్చాడట, తరగతంతా ఆయన్ని మేస్త్రి అని పిలుస్తుంది. పాఠం మధ్యలో వెనక్కి తిరిగి, "నువ్వు గీస్తున్నవి అక్షరాలేనా చెల్లెమ్మా?" అని అడిగాడు. షార్ట్‌హ్యాండ్ అని చెప్పాను. మా అక్క నేర్పిందని, కోర్టులో స్టెనో అని కూడా చెప్పాను, కాస్త గొప్పగానే.

నీ
చిన్ని


కోర్టు, స్టెనోల గది
జులై 15

చిన్నీ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఒకసారి సంతోషం కోసం, ఒకసారి తప్పుల కోసం. తప్పులు లేవు. అవసరం లేని మాటలు మాత్రం నాలుగు చోట్ల ఉన్నాయి. ఎక్కడో చెప్పను, వెతుక్కో.

అమ్మకి చదివి వినిపించాను. "అయితే చివర్లో దీని చేతికి ఏమీ ఇవ్వరా?" అంది. ఇవ్వరన్నాను. "మంచిదేలే, పోగొట్టుకోవడానికీ ఏమీ ఉండదు" అని బియ్యం ఏరుకోవడంలో పడింది. నీ గురించి అమ్మ ఇంత నిశ్చింతగా ఉండగా ఎప్పుడూ చూడలేదు.

నాలుగో నిబంధన చదివి నవ్వొచ్చిందన్నావు. నాకు రాలేదు. ఇరవై ఏళ్ళుగా నిబంధనల మధ్య బతుకుతున్నాను కనక నాకు తెలుసు, ఎవరో ఒకరు ఏదో ఒకటి చేశాకే ఏ నిబంధన అయినా పుడుతుంది.

ఇంకొకటి. షార్ట్‌హ్యాండ్ నేర్పిన మొదటి రోజు నీకేం చెప్పానో గుర్తుందా? వినపడకపోతే చిన్న సున్నా చుట్టి ముందుకి పో, ఊహించకు అని. ఆ సున్నా ఏ పుస్తకంలోనూ లేదు, నేను పెట్టుకున్న గుర్తు. నీ గీతలు నాకు, నా గీతలు నీకు తప్ప మూడో మనిషికి అర్థం కాకపోవడానికి అదీ ఒక కారణం. సున్నా సిగ్గుపడాల్సింది కాదు. నేను సున్నా చూపిస్తే జడ్జిగారు సాక్షిని మళ్ళీ చెప్పమంటారు. అంతే.

మట్టి బాగా విను. మాటలంటే చెవులు కోసుకునేంత ఇష్టం నీకు, ఆ చెవుల్ని జాగ్రత్తగా వాడుకో.

అక్క


టైపు గది
ఆగస్టు 21, గురువారం

అక్కా,

కాళ్ళు నేల మీద ఆనడం లేదు. ఎందుకో చెప్తాను, తిట్టకు.

మేస్త్రికి చెయ్యి మెల్లగా నడుస్తుంది. తాపీ పట్టిన వేళ్ళు పెన్నుకి ఇంకా లొంగలేదంటాడు. మాస్టారు నాలుగు వాక్యాలు చెప్పేసరికి ఆయన ఒకటి పూర్తిచేస్తాడు. ఈ పాఠంలో ఇప్పటికే రెండుసార్లు తప్పాడు. మూడోసారి కూడా తప్పితే కాలేజీ నుంచి పేరు కొట్టేస్తారు. అందుకే ఒక రోజు మొహమాటపడుతూ, "నీ గీతల్ని మామూలు రాతలోకి దింపి ఇస్తావా చెల్లెమ్మా?" అని అడిగాడు. ఇచ్చాను. ఆఫీసు పని అయ్యాక అరగంట కూర్చుని టైపు కొట్టి ఇచ్చాను. మర్నాడు ఇంకో ఇద్దరు అడిగారు. కార్బన్లు పెట్టాను. ఇప్పుడు వారానికి ఐదు ప్రతులు, వాటి నుంచి మిగతావాళ్ళు ఎత్తి రాసుకుంటున్నారు. ముందు బెంచీలో ముగ్గురున్నారు, తలెత్తరు, ఎవరినీ ఏమీ అడగరు. వాళ్ళు తప్ప తరగతంతా పెన్నులు మూసేసి చేతులు కట్టుకుని కూర్చుంటోంది. "చిన్నమ్మాయి రాస్తోందిగా" అని ఒకరికొకరు చెప్పుకుంటారు. మార్కుల్లేని మనిషిని, హాజరులో లేని మనిషిని. నవ్వొస్తుంది.

మట్టిమాస్టారికి ఒక అలవాటుంది. వాక్యం మా వైపు తిరిగి మొదలుపెడతారు. సగంలో సుద్దముక్క తీసుకుని నల్లబల్ల వైపు తిరుగుతారు. వాక్యం తోక నల్లబల్లకే చెప్తారు. ముందు బెంచీకి వినపడుతుందేమో, చివరి బెంచీకి గొణుగుడే. నోట్‌బుక్కులో అక్కడ సున్నా చుడతాను, నువ్వు చెప్పినట్టే. కానీ టైపులో అన్ని సున్నాలుంటే కాగితం పళ్ళూడిన నోరులా ఉంటుంది. అందుకని ఆ తోకలు నేనే అతికిస్తున్నాను. పుస్తకంలో చూసి కొన్ని, మొదటి సగం చెప్పేదాన్ని బట్టి కొన్ని. చాలావరకు సరిగ్గానే పడుతున్నాయి. ఇది చూడు, నిన్న కొట్టింది:

"పైపొర ఆరి పగుళ్ళిచ్చిందంటే, లోపలి తడి ఆ పగుళ్ళలోంచే ఊపిరిలా వెళ్ళిపోతుంది, గొయ్యి గోడ తన కాళ్ళ మీద తాను నిలబడుతుంది."

"లోపలి తడి" దాకా మాస్టారిది. మిగతాది నాది. ఎలా ఉంది? మట్టి ఊపిరి తీస్తున్నట్టు లేదూ? మేస్త్రి ఈ వాక్యాన్ని మూడుసార్లు చదివి, కాసేపు ఏమీ అనకుండా కూర్చుని, "ఎంత బాగా పెట్టావమ్మా" అన్నాడు. ఒక మనిషి నా వాక్యం ముందు మాట రాక కూర్చోవడం ఇదే మొదటిసారి.

మా మిషనులో ళ అక్షరానికి కాలు విరిగింది, పగుళ్ళు అని కొట్టినప్పుడల్లా కుంటుతుంది. అదొక్కటే లోటు.

చిన్ని


కోర్టు, రికార్డు గది
ఆగస్టు 29

చిన్నీ,

తోకలు అతికించకు.

ఇచ్చినవి వెనక్కి తీసుకో. తీసుకోలేకపోతే, ఏ వాక్యంలో ఎక్కడి దాకా మాస్టారిదో, ఎక్కడి నుంచి నీదో వాళ్ళకి గుర్తుపెట్టి ఇవ్వు. నీ వాక్యం బాగుంది. బాగుండటమే నాకు భయం.

ఎక్కువ రాయలేను. ఇక్కడ పని కొత్తగా ఉంది. అమ్మ కులాసా.

అక్క


టైపు గది
నవంబరు 12, బుధవారం

అక్కా,

నీ ఉత్తరానికి ఇన్నాళ్ళూ జవాబు రాయనిది కోపంతో. మెచ్చుకుంటావని చూశాను, నువ్వు నాలుగు ముక్కల్లో గోడ కట్టినట్టు రాశావు. గుర్తులు పెట్టి ఇవ్వలేదు. వెనక్కీ తీసుకోలేదు. ఇప్పుడు ఆ కోపం ఎటుపోయిందో తెలియదు.

పొద్దున్న ప్రిన్సిపాలు గారు డిక్టేషనుకి పిలిచారు. నోటీసు అన్నారు. మొదటి వాక్యం మామూలే, "కింద పేర్కొన్న ముప్పై ఒక్క మంది విద్యార్థులు" అని. రెండో వాక్యంలో నా వాక్యం వచ్చింది. ఆయన కాగితం చూసి ఒక్కో ముక్కా చదువుతున్నారు. ఊపిరిలా వెళ్ళిపోతుంది, తన కాళ్ళ మీద తాను నిలబడుతుంది. నా పెన్సిలు మొన విరిగింది. "ఏమ్మా, వేగంగా చెప్తున్నానా?" అన్నారు. లేదండీ అన్నాను.

జరిగింది ఇది. పరీక్షలో ఒక ప్రశ్న వచ్చింది. వానలు వెలిశాక మూడు రోజులు ఎండ కాసింది, బంకమట్టి గొయ్యి పైపొర ఆరి పగుళ్ళిచ్చింది. గోడలకి చెక్కల ఆధారం పెట్టకుండా లోపలికి పనివాణ్ణి దించవచ్చా? కారణం రాయండి. ముప్పై నలుగురిలో ముప్పై ఒక్కరు దించవచ్చని రాశారు. అందరూ కారణంగా ఒకే వాక్యం రాశారు, అక్షరం పొల్లుపోకుండా. దించకూడదని రాసింది ముగ్గురే, ఆ ముందు బెంచీ వాళ్ళు. మాస్టారు నల్లబల్లతో చెప్పింది అదేనట. లోపలి తడి లోపలే ఉంటుంది, పగుళ్ళు పడ్డ గోడే ముందు కూలుతుంది, ఆధారం పెట్టందే మనిషిని దించకూడదు అని.

నేను తలకిందులుగా రాశాను అక్కా. ప్రాణం తీసే మాటని అందంగా రాశాను.

పరీక్ష గదిలోకి ఎవరో చీటీ తెచ్చారని, దాన్నే అందరూ ఎత్తి రాశారని అనుకుంటున్నారు. ప్రిన్సిపాలు గారు, మట్టిమాస్టారు, ఇంకో మాస్టారు, ఈ ముగ్గురితో విచారణ సంఘం వేశారు. రోజుకి పది మంది చొప్పున పిలుస్తారు. ఈ నెల ఇరవై రెండు, శనివారం ఉదయం పది గంటలకి ఆఖరి సమావేశం, ఆ రోజే నిర్ణయం. కాపీ అని తేలిస్తే అందరి పరీక్షా రద్దు. మిగతా ముప్పై మందికి ఆరు నెలలు పోతాయి. మేస్త్రికి ఇది మూడోసారి కనక చదువే పోతుంది.

విచారణలో వాంగ్మూలాలు రాసుకునేది ఎవరనుకున్నావు? నేనే. మూలన చిన్న బల్ల వేశారు. ఇవాళ మధ్యాహ్నం మొదటి పది మంది వచ్చారు. చీటీ లేదండీ, నోట్సు బట్టీ పట్టాం అన్నారు. ఎవరి నోట్సు అని అడిగితే పెదవి విప్పరు. కాగితం చూపించమంటే పారేశామంటారు. పారెయ్యలేదు, నాకు తెలుసు. చూపిస్తే ఆ కుంటి ళ ని పెద్దగుమస్తా గారు ఇట్టే పట్టేస్తారని దాచారు. నాలుగో నిబంధన వాళ్ళూ చదివారు. నా కార్డు పోతుంది, ఉద్యోగమూ పోవచ్చు. ఒకడు కిటికీ వైపు చూశాడు, ఒకడు పంకా వైపు చూశాడు. పది మందిలో ఒక్కరు కూడా మూల బల్ల వైపు చూడలేదు. "ఎవరిచ్చారో చెప్పలేదు" అని పదిసార్లు నా చేత్తో నేనే రాసుకున్నాను.

ఆగస్టులో ఆ పాఠం రోజు నోట్‌బుక్కులో గీసినదాన్ని పల్చటి కాగితం మీద ఎత్తి ఇందులో పెడుతున్నాను. నువ్వు ఎలా చదువుతావో చూడు. ఒకవేళ మాస్టారే అలా అన్నారేమో. నాకు ఇప్పుడు నమ్మకంగా లేదు. వసతి గది వెనక రోజూ ఎండుటాకులు పోగేసి తగలబెడతారు. నోట్‌బుక్కు కూడా అందులో వేసేస్తే ఎవరేమన్నారో తేల్చేవాళ్ళే ఉండరు.

నువ్వు కోర్టు మనిషివి. చెప్పు. ఎవరూ అడగని మాట చెప్పకపోతే అబద్ధమాడినట్టా?

పోయిన ఉత్తరం మీద రికార్డు గది అని ఉందేం? స్టెనోల గది ఏమైంది?

చిన్ని


కోర్టు, రికార్డు గది
నవంబరు 17, సోమవారం

చిన్నీ,

ముందు నీ గీత. "పైపొర ఆరి పగుళ్ళిచ్చిందంటే లోపలి తడి." తర్వాత సున్నా. అంతే ఉంది. చక్కగా, గుండ్రంగా చుట్టావు. నువ్వే సున్నా చుట్టి, అందులో ఏముందని నన్నడుగుతున్నావు.

ఇప్పుడు రికార్డు గది సంగతి. అమ్మకి చెప్పలేదు. నువ్వూ చెప్పకు.

రెండేళ్ళ కిందట ఒక గిడ్డంగి దొంగతనం కేసు నడిచింది. ముద్దాయి అక్కడి కాపలాదారు. సాక్షి ఒక లారీ డ్రైవరు. ప్రతి మాట చివరా "అనుకుంటా" అనడం అతనికి అలవాటు. ఏం పనిచేస్తావంటే, లారీ నడుపుతాననుకుంటా అన్నాడు. హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను. నోట్‌బుక్కులో అన్నీ రాసుకున్నాను కానీ, టైపు కొట్టేటప్పుడు ఆ అనుకుంటాలన్నీ ఏరి పారేశాను. వాంగ్మూలం శుభ్రంగా ఉండాలని. "తాళం తీసింది ఇతనే అనుకుంటా" అన్నది "తాళం తీసింది ఇతనే" అయింది. చదివి వినిపిస్తే డ్రైవరు తలూపి సంతకం పెట్టాడు. తర్వాత అడిగితే, కోర్టువాళ్ళు రాశారంటే నేను అలాగే చెప్పుంటానులే అనుకున్నాను అన్నాడట.

కాపలాదారు పద్నాలుగు నెలలు జైల్లో ఉన్నాడు. అప్పీలులో నా నోట్‌బుక్కు అడిగారు. ఇచ్చాను. నన్నే చదవమన్నారు. నిండు హాల్లో నిలబడి, ఒక్కో అనుకుంటాని చదివాను. ఈసారి ఎవరూ నవ్వలేదు. అతన్ని వదిలేశారు, నన్ను కిందికి రికార్డు గదికి పంపారు. నీ తోకల ఉత్తరం అదే వారం వచ్చింది. ఇదంతా రాసే ధైర్యం లేక నాలుగు ముక్కలు రాశాను. అప్పుడే రాసి ఉంటే నువ్వు ఆ కాగితాలు వెనక్కి తీసుకునేదానివేమో. ఆ తప్పు నాది.

నువ్వడిగిన ప్రశ్నకి జవాబు కూడా నా దగ్గరుంది. శిక్ష పడిన రోజే నాకు గుచ్చుకుంది. లేచి ఒక్క మాట చెప్పి ఉండాల్సింది. ఎవరూ అడగలేదు కదా అనుకున్నాను. అలా అనుకుంటూ పద్నాలుగు నెలలు వేళకి తిన్నాను, వేళకి నిద్రపోయాను. అది అబద్ధమవునో కాదో నాకు తెలియదు. కాపలాదారుకి ఒక కొడుకున్నాడు. ఈ మధ్య ఏదో నకలు కోసం మా గదికి వచ్చాడు. నేనెవరో తెలియక నాకు నమస్కారం పెట్టాడు.

నోట్‌బుక్కు తగలబెట్టకు. అందులో నువ్వు నిజాయితీగా ఉన్నావు. టైపులోనే తప్పావు.

శనివారం మొదటి బస్సుకి వస్తున్నాను. ఎనిమిదింటికి మీ ఊళ్ళో దిగుతాను. నువ్వు నోరు విప్పుతావో లేదో నీ ఇష్టం. విప్పకపోయినా నిన్నేమీ అనను, అనే అర్హత నాకు లేదు. విప్పితే మాత్రం, ఆ గీతలు చదవగల రెండో మనిషి ఒకరు ఆ గదిలో ఉండాలి కదా.

అక్క


టైపు గది
నవంబరు 21, శుక్రవారం, సాయంత్రం

అక్కా,

నీ ఉత్తరం మధ్యాహ్నం అందింది. ఇది పోస్టులో వేసే వ్యవధి లేదు. రేపు బస్సు దిగగానే నీ చేతిలో పెడతాను. నోటితో చెప్పబోతే సగంలో మింగేస్తానని భయం.

ఈ రోజు ఆఖరున మేస్త్రిని పిలిచారు. తలుపు దగ్గర చెప్పులు విడవబోతే ప్రిన్సిపాలు గారు వద్దన్నారు. అయినా విడిచే వచ్చాడు. మామూలు ప్రశ్నలయ్యాక మట్టిమాస్టారు అడిగారు, "నువ్వు తాపీపని చేసినవాడివి కదయ్యా. అలాంటి గోతిలోకి మనిషిని దించుతావా?"

"దించనండి."

"మరి దించొచ్చని ఎలా రాశావు?"

మేస్త్రి తను పనిచేసిన రోజుల సంగతి చెప్పాడు. ఒకసారి ఇలాగే మూడు రోజులు ఎండ కాశాక, పైన బీటలు చూసి ఆరిందనుకుని దిగారట. గోడ కూలి పక్కవాడు నడుము దాకా మట్టిలో కూరుకుపోయాడు. చేతులతో తవ్వి తీశారు. కాలు పోయింది.

"కళ్ళారా చూశానండి. అయినా ఆ కాగితం మీద ఎంత బాగా రాసుందంటే, చదివినోళ్ళకి తెలియనిది నాకేం తెలుసులే అనిపించింది. నేను చూసిందే తప్పేమో అనుకున్నాను."

ఆగస్టులో ఆయన నా వాక్యం ముందు మాట లేకుండా కూర్చున్నాడని రాశాను చూడు. నేను మెప్పనుకున్నది అది. నిజానికి అప్పుడు ఆయన ఆ పక్కవాడి కాలుని మర్చిపోవడానికి ప్రయత్నిస్తున్నాడు.

ఇదంతా పొల్లుపోకుండా రాసుకున్నాను. చెయ్యి దాని పని అది చేసుకుపోయింది. ఆ తర్వాత జరిగింది నీకు చెప్పాలి. మేస్త్రి వెళ్ళాక గదిలో ముగ్గురు సభ్యులూ నేనూ మిగిలాం. మట్టిమాస్టారు చేతికంటిన సుద్ద దులుపుకుంటూ కూర్చుని ఉన్నారు. ఈ పది రోజుల్లో ఆయన బాగా చిక్కిపోయారు. నెమ్మదిగా అన్నారు, "ముప్పై ఏళ్ళుగా చెప్తున్న పాఠం. ఇంతమంది ఒకే ముక్క రాశారంటే నేనే నోరు జారానేమో. అది కూడా రాసుకోమ్మా."

నేను రాయలేదు. అక్కడ సున్నా చుట్టాను. ప్రతి ముక్కా వినపడింది అక్కా, నా బల్లకి రెండడుగుల దూరంలో అన్నారు. వినపడిన మాట మీద సున్నా చుట్టడం నా జన్మలో ఇదే మొదటిసారి. చుట్టాక ఆ సున్నా వైపే చూస్తూ కూర్చున్నాను. ఆగస్టులో వినపడని చోట మాట పెట్టాను, ఇప్పుడు వినపడిన చోట మాట తీసేశాను. ఇంకొక్క అడుగు వేస్తే ఎండుటాకుల మంట దాకా వెళ్ళినట్టే.

బయట మెట్ల దగ్గర మేస్త్రిని ఆపి, రేపు చెప్పేస్తానన్నాను. ఆయన గాభరాపడ్డాడు. "నీకెందుకమ్మా? రాసిపెట్టమని అడిగింది నేను. నువ్వు పరీక్షకైనా కూర్చోలేదు" అన్నాడు. అందుకే చెప్పాలన్నాను. పరీక్షకి కూర్చోని మనిషి తప్పుకి పరీక్ష రాసినవాళ్ళు ఫెయిలవుతున్నారు. ఆయన చెప్పుల వైపు చూస్తూ, మరి నీ కార్డు, అన్నాడు. పోతుంది. అమ్మ అన్న మాట గుర్తొచ్చింది, పోగొట్టుకోవడానికేమీ ఉండదని. అమ్మకి తెలియదు, ఆ చివరి బెంచీ నాకు ఎంతో. మొన్న మాస్టారు "నాను" అన్న మాట చెప్పారు, మట్టి ఎంతసేపు నీళ్ళలో నానాలో ఆ నాను. ఇంటికి వెళ్ళేదాకా నాలుక మీదే పెట్టుకున్నాను. అలాంటివి ఇక దొరకవు. ఇది రాస్తుంటే ఏడుపొస్తోంది, కానీ చెయ్యి ఆగడం లేదు.

ఐదింటికి పెద్దగుమస్తా గారి దగ్గరికి వెళ్ళి, రేపు పదింటికి నా బల్ల దగ్గర మీరు కూర్చుని రాసుకుంటారా అని అడిగాను.

"నాకు షార్ట్‌హ్యాండ్ రాదు కదమ్మా. నువ్వెక్కడికి పోతున్నావు?"

"ఎదుటి కుర్చీలోకండి."

ఆయన కళ్ళజోడు తీశారు. తుడిచారు. పెట్టుకున్నారు. బల్ల సొరుగు లాగి, మడతపెట్టిన ఒక కార్బన్ ప్రతి తీసి నా ముందు పెట్టారు. కుంటి ళ కింద ఎర్ర పెన్సిలుతో చిన్న గీత ఉంది. నోటీసు వేసిన రోజే లైబ్రరీలో దొరికిందట. తొమ్మిది రోజులుగా ఆయన సొరుగులోనే ఉంది. "నువ్వే వస్తావని చూస్తున్నాను" అన్నారు. రాకపోతే ఏం చేసేవారని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

రేపు పొద్దున్న ఎనిమిదింటికి బస్టాండులో ఉంటాను. ఐదు నోట్‌బుక్కులూ సంచిలో పెట్టుకున్నాను, ఆ పేజీ దగ్గర ఆకుపచ్చ కార్డు ఉంచాను. టిఫిను తినేసి తొమ్మిదిన్నరకల్లా ఆఫీసుకి వెళ్దాం. ముందు మట్టిమాస్టారు అన్న మాట ఈ రోజు వాంగ్మూలంలో చేర్చమంటాను, ఆ సున్నా నాదని చెప్తాను. తర్వాత ఆగస్టు పేజీ తెరుస్తాను. నేను చదివాక నీ చేతికిస్తాను, నువ్వు చదువు. రెండూ ఒకటేనని వాళ్ళు వినాలి. ఆ ముప్పై ఒక్క మందికీ ఆ ఒక్క ప్రశ్న మళ్ళీ పెట్టమని అడుగుతాను. శ్రోత అడక్కుండా మాట్లాడకూడదని రెండో నిబంధన, తెలుసు.

పెద్దగుమస్తా గారు చేత్తో రాస్తారు. ఆయన రాత చాలా మెల్లగా సాగుతుంది. అందుకని నేనూ మెల్లగా చెప్తాను, వాళ్ళ వైపే తిరిగి, ప్రతి వాక్యం చివరిదాకా.

చిన్ని